బెరడు కషాయం

ఇంటి నుంచి, కిటికీ పక్క బల్ల
జనవరి 5

గాజుబుడ్డీ,

కోప్పడకు. కళ్ళజోడు పెట్టుకుని రోజంతా సీసాల మధ్య తిరిగే బావమరిదిని ఇంకేమని పిలవను?

నువ్వు పంపిన డబ్బా అందింది. మూత తీసి మీ అక్క వాసన చూసి, "ఇదేంటండీ, వడ్రంగి కొట్లో ఊడ్చి పంపాడా మా వాడు?" అంది. బెరడు పొడి అని చీటీలో రాశావు కాబట్టి బతికిపోయావు. మొదటి గుక్కకే నోరంతా పట్టేసింది. హోటల్ లాండ్రీలో దుప్పట్ల మీద మీ అక్క తోసే ఇస్త్రీపెట్టె ఒకసారి నా నాలుక మీద కూడా తోసినట్టయింది. అయినా తాగాను. ఒంటికి మంచిదని నువ్వన్నాక తాగకపోతే ఈ ఇంట్లో నాకు తిండి పుడుతుందా?

ఆపరేషనై నాలుగు నెలలు. క్లోమంలో ముప్పాతిక వంతు తీసేశాక కొవ్వును అరిగించే రసం నాలో ఊరడం మానేసింది. అందుకని ప్రతి తిండితోనూ గుళికలు వేసుకోవాలి. పంది క్లోమం నుంచి తీస్తారట. నువ్వేమో జనానికి కొవ్వు అరగకుండా ఆపే మందు కోసం కుస్తీ పడుతున్నావు, నేనేమో కొవ్వు అరగాలని గుళికలు మింగుతున్నాను. ఒకే ఇంటి మనుషులం ఎంత చక్కగా కలిసి పనిచేస్తున్నామో చూడు.

మింగుతున్నాను అన్నాను గానీ అది గొప్పకి. ఆస్పత్రిలో గొట్టం పెట్టిన గొంతు ఇంకా పుండుగానే ఉంది, గుళిక దిగదు. మీ అక్క దాన్ని విప్పి ఏవో తంటాలు పడుతోంది. ఆ వాసన మాత్రం పగవాడికి కూడా వద్దు.

పనిలోకి వెళ్తున్నాను. బూట్ల దుకాణం బోర్డు ఒకటి వచ్చింది. నిచ్చెన మూడో మెట్టు దాటనని మీ అక్క నాతో ఒట్టు వేయించుకుంది. పెద్ద అక్షరాలు రాయాలంటే ఐదో మెట్టు ఎక్కాలి. ఆ మాట నీ కడుపులో పెట్టుకో.

ఫోన్ చేయవేమని అడగకు. ఉన్నవి రెండు గదులు. నేను దగ్గితే మీ అక్క పొయ్యి మీది గిన్నె వదిలేసి వస్తుంది. ఉత్తరమైతే నా చేతిరాత చూసి నువ్వు కాస్త కుళ్ళుకుంటావని ఆశ కూడా.

నీ అభిమానం, ఆరోగ్యం రెండూ కోరే
బోర్డుల బావ


ప్రయోగశాల, రెండో అంతస్తు
జనవరి 14

బావా,

నీ చేతిరాత చూసి కుళ్ళుకున్నాను. సంతోషమేనా?

నా పనేమిటో నువ్వు ఎప్పుడడిగినా "సీసాలు కడుగుతాను" అని తప్పించుకునేవాణ్ణి. ఈసారి చెబుతాను. నూనెను నీళ్ళతో కలిపి బాగా చిలికితే పాలలా తెల్లబడుతుంది. అందులో కొవ్వును ముక్కలు చేసే ఎంజైము వేస్తాం. దాని పేరు లైపేజ్. మాదీ పంది క్లోమానిదే, నీ గుళికకు చుట్టం. నూనె తెగేకొద్దీ గిన్నెలో పులుపు పుడుతుంది. ఆ పులుపును విరగ్గొట్టడానికి పైనున్న సన్నటి గొట్టంలోంచి క్షారం బొట్టు బొట్టుగా పడుతుంది. బొట్లు గబగబా పడితే ఎంజైము పని చేస్తున్నట్టు. ఆగిపోతే పడుకున్నట్టు. రోజంతా నేను ఆ బొట్లు లెక్కపెడుతూ కూర్చుంటాను.

ఇక నీ బెరడు పొడి సంగతి. చెట్టు పారిపోలేదు కదా. పురుగూ పశువూ తనను తినేయకుండా ఆకులో, బెరడులో, పిందెలో వగరు నింపుకుంటుంది. ఆ వగరునిచ్చే పదార్థాల్నే మేం ఫినాలిక్స్ అంటాం. ఇస్త్రీపెట్టె అన్నావే, అది నిజానికి ఏమిటంటే, నీ ఉమ్మిలో జారుడుగా ఉండే ప్రోటీన్లను ఆ వగరు పట్టుకుని ముద్ద కట్టేయడం. జారుడు పోయి నోరు బిగుసుకుంటుంది. లైపేజ్ కూడా ప్రోటీనే. దాన్నీ అలాగే చుట్టుముట్టి పట్టేస్తుంది. మా గిన్నెలో ఆ పని కళ్ళారా కనిపిస్తుంది. తేటగా ఉన్నది మబ్బు పట్టినట్టయి, బొట్లు ఆగిపోతాయి. మా కంపెనీ దాన్నే బిళ్ళగా చేసి, లావు తగ్గాలనుకునేవాళ్ళకు అమ్మాలని చూస్తోంది.

నువ్వు కంగారుపడకు. గిన్నెలో జరిగేదంతా కడుపులో జరగదు. అక్కడ తిండి ఉంటుంది, పైత్యరసం ఉంటుంది, వగరును పంచుకోవడానికి వంద ఉంటాయి. చీటీలో రాసినట్టు పొద్దున్నే పరగడుపున చిటికెడు చాలు, భోజనం వేళకు దాని ఊసే ఉండదు. మా ప్రయోగశాలలో అందరం తాగుతాం.

డబ్బా ఎక్కడిదని అక్క అడుగుతుంది. తెలిసినవాళ్ళ దగ్గర దొరికిందని చెప్పు.

ఐదో మెట్టు ఎక్కకు.

నీ గాజుబుడ్డి


ఇంటి నుంచి, కిటికీ పక్క బల్ల
మార్చి 2

బావమరిదీ,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకో. చేయి ఆడలేదు. నిజంగానే ఆడలేదు, బ్రష్ పట్టుకుంటే వణుకుతోంది.

మీ అక్క నన్ను కొత్తల్లుడిలా మేపుతోంది. గుడ్లు, వెన్న, చేపలు. ఏదీ ఒంటికి పట్టడం లేదు. అరవై నాలుగు కిలోల మనిషిని యాభై మూడుకి దిగాను. బెల్టుకి కొత్త చిల్లులు పొడిచి పొడిచి, ఇక లాభం లేదని నిచ్చెన తాడు నడుముకి చుట్టుకుంటున్నాను. దొడ్డికి వెళ్ళిన సంగతి బావమరిదికి రాయాల్సిన గతి పడుతుందని ఏనాడూ అనుకోలేదు, కానీ నీకు తప్ప ఎవరికి రాయను? తిన్న వెన్నంతా తిన్నట్టే వెళ్ళిపోతోంది. నీళ్ళ మీద నూనె తేలుతుంది. ఆ వాసనకి నాకే సిగ్గు. మీ అక్క హోటల్ నుంచి వచ్చేలోగా కిటికీలన్నీ తెరిచి కూర్చుంటాను.

డాక్టరు మూడు గుళికల్ని ఆరు చేశాడు, ఆరు చాలక తొమ్మిది చేశాడు. "భోజనంతో పాటే ఇస్తున్నారా?" అని గుచ్చి గుచ్చి అడిగాడు. "ముద్ద ముద్దకీ ఇస్తున్నానండీ" అంది మీ అక్క. అబద్ధం కాదు పాపం.

ఇంకో వింత. సాయంత్రం వెలుతురు తగ్గేసరికి కళ్ళు మసకబారుతున్నాయి. ఒక మందుల షాపు బోర్డు మీద సగం అక్షరాలు నీలం, సగం నలుపు వేసి దిగాను. మర్నాడు చూసి ముచ్చెమటలు పోశాయి. ఆ యజమాని మాత్రం కొత్త ఫ్యాషన్ అనుకుని మెచ్చుకున్నాడు. లోకంలో ఇంకా మంచివాళ్ళున్నారు.

నువ్వు సంతోషించే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. నీ డబ్బా మా ఇంట్లో రాజ్యం ఏలుతోంది. గుళికలోని గింజల్ని మెత్తటి పండుగుజ్జు మీద చల్లమని ఆస్పత్రివాళ్ళు చెప్పారు. అవి గొంతులో గీరుకుని, ఆ పచ్చి మాంసం కంపుకి నేను కక్కేవాణ్ణి. మీ అక్క నెల రోజులు ఏడ్చి, నీ డబ్బా వచ్చాక ఒక ఉపాయం కనిపెట్టింది. గింజల్ని కల్వంలో మెత్తగా నూరి, నీ బెరడు పొడి మూడు చెంచాలు వేసి కాచిన కషాయంలో కలిపేస్తుంది. వగరు దెబ్బకి కంపు మాయం. పూటకో గ్లాసు. గ్లాసు అడుగున ముద్దలా పేరుకున్నది కూడా వేలితో తీసి నా నోట్లో పెడుతుంది, మందు వృథా కాకూడదని. "మా తమ్ముడు పంపకపోతే ఏమైపోయేవారో" అని రోజుకోసారి అనందే ఆమెకి నిద్ర పట్టదు.

ఇంకో డబ్బా ఉంటే పంపు.

నీ బావ


ప్రయోగశాల
మార్చి 9

బావా,

ఉత్తరం అయిదో తేదీనే అందింది. పని ఒత్తిడి వల్ల వెంటనే రాయలేకపోయాను.

ఇక్కడ వాతావరణం బాగాలేదు. స్టోరు చూసుకునే ఆవిడను పోయిన వారం ఉద్యోగంలోంచి తీసేశారు. రిజిస్టరులో ఎక్కకుండా ఒక నమూనా బయటికి వెళ్ళిందట. పద్దెనిమిదేళ్ళుగా ఉన్న మనిషి, తన మగ్గూ చెప్పులూ సంచిలో వేసుకుని అందరి ముందు నుంచీ వెళ్ళిపోయింది. అప్పటినుంచి గేటు దగ్గర మా సంచులు వెతుకుతున్నారు.

కషాయాన్ని అక్క వేడిగా ఉండగానే కలుపుతుందా? కలిపాక ఎంతసేపటికి ఇస్తుంది? ఊరికే అడుగుతున్నాను.

నాకేమనిపిస్తోందంటే, ఒకే రుచి రోజూ అయితే మొహం మొత్తుతుంది. కొన్నాళ్ళు కషాయం ఆపి చూడండి. వగరు ఎక్కువైతే మలబద్ధకం కూడా చేస్తుందంటారు. డాక్టరు చెప్పినట్టు పండుగుజ్జే మంచిదేమో. ఇంకో డబ్బా ఇప్పట్లో దొరకదు.

అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది


ఇంటి నుంచి, మంచం మీదే
మార్చి 20

ఒరేయ్ బావమరిదీ,

మలబద్ధకమా? నా గత ఉత్తరం నువ్వు చదివావా, లేక గేటు దగ్గర సంచి వెతికినవాళ్ళు చదివి నీకు సారాంశం చెప్పారా? నేను రోజుకి అయిదుసార్లు పరిగెడుతుంటే నీకు మలబద్ధకం గుర్తొచ్చిందా?

నువ్వు చెప్పావు కదా అని మీ అక్కతో అన్నాను, కొన్నాళ్ళు ఆపుదామని. ఇంతెత్తున లేచింది. "అది మానేస్తే మళ్ళీ కక్కుతారు. కక్కితే మందెక్కడ ఉంటుంది? వాడికేం తెలుసు, అక్కడ కూర్చుని రాస్తాడు" అంది. మరుక్షణమే, "వాడు పంపిందే కదండీ, వాడే ఎందుకు వద్దంటున్నాడు?" అని నా మొహంలోకి చూసింది.  దానికి జవాబు నీ దగ్గర ఉందా? ఆ ఉత్తరం నిండా నీళ్ళు నమిలావు. నీకు పదకొండేళ్ళప్పటి నుంచి నిన్ను ఎరుగుదును. నా సైకిలు కాలువలో తోసి, వారం రోజులు నాకు సైకిలు వల్ల ఎన్ని ప్రమాదాలో చెప్పినవాడివి నువ్వు.

ఇప్పుడు చేతుల మీద మచ్చలు పడుతున్నాయి. బల్ల తగిలినా, గడప తగిలినా వంకాయ రంగు. పళ్ళు తోముకుంటే నురుగు ఎర్రగా వస్తోంది. మీ అక్కకి కనపడకుండా నిండు చేతుల చొక్కా వేసుకుంటున్నాను. యాభై ఒకటి.

ఏం దాస్తున్నావు?

బావ


అద్దె గది
ఏప్రిల్ 3

బావా,

ఇది చదివేటప్పుడు అక్క పక్కన లేకుండా చూసుకో.

కషాయం ఆపేయి. ఈ పూట నుంచే. కారణం చెబుతాను.

కషాయం ఉపాయం రాసిన నీ ఉత్తరం అందిన మర్నాడు, మార్చి ఆరున, అందరూ భోజనానికి వెళ్ళాక అక్క చేసినట్టే చేశాను. ఎంజైము నూరాను, ఆ బెరడు పొడే మూడు చెంచాలు కాచాను, కలిపాను. గ్లాసు అడుగున ముద్దలా పేరుకుంది, నువ్వు రాసినట్టే. పైనున్న నీళ్ళు చిలికిన నూనెలో పోసి గొట్టం తిప్పాను. ఇరవై నిమిషాలు కూర్చున్నాను బావా. ఒక్క బొట్టు పడలేదు. ఆ ముద్ద తీసి వేసినా పడలేదు. తొమ్మిది గుళికలు కాదు, తొంభై వేసినా అంతే. తిండి లోపలికి వెళ్ళాక వగరును పంచుకునేవి వంద ఉంటాయని నీకు గొప్పగా రాశాను. గ్లాసులో వంద లేవు. అందులో ఉన్నవి రెండే, వగరూ నీ మందూ. నీ నోట్లోకి వచ్చేసరికే అది చచ్చిపోయి ఉంటోంది. పైగా గింజల మీది పూత కడుపులోని పులుపు నుంచి మందును కాపాడటానికి ఉంటుంది. నూరితే అదీ పోయింది.

మూడు నెలలుగా నువ్వు మందు లేకుండా ఉన్నావు. అందుకే తిన్నది పోతోంది. కొవ్వుతో పాటు ఒంటికెక్కాల్సిన విటమిన్లూ పోతున్నాయి. సాయంత్రం కళ్ళు మసకబారడం అందుకే. మచ్చలు, చిగుళ్ళ రక్తం కూడా అందుకే అనుకుంటున్నాను. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కొవ్వుతోనే ఎక్కాలి. డాక్టరుతో ఈ మాట చెప్పు, సూది మందు ఇస్తారు.

ఇక రెండో సంగతి. ఆ పొడి తెలిసినవాళ్ళ దగ్గరిది కాదు. మా నమూనాలన్నిట్లోకీ లైపేజ్‌ను గట్టిగా పట్టేది అదే. పేరు లేదు, నంబరే. రిజిస్టరులో రాయకుండా తీశాను. అక్క ముందు పెద్దమనిషిలా కనపడాలని పంపాను. పరగడుపున అని చీటీలో రాశాను గానీ కారణం రాయలేదు. రాస్తే నీ మందుకి ఇదే విరుగుడని, కాదు, ఇదే విషమని రాయాలి. అప్పుడు పంపడమెందుకు?

స్టోరు ఆవిడ తీయలేదు. నేను తీశాను. ఆవిడ వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. నీకు నిజం రాస్తే అది కాగితం మీద ఉంటుంది, ఎవరి చేతిలోనైనా పడుతుంది అని భయపడ్డాను. మలబద్ధకం అని రాశాను. చేతకానివాణ్ణి బావా, ఇంకేం రాయను.

క్షమించమని అడిగే మొహం లేదు.


ఇంటి నుంచి
ఏప్రిల్ 8

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మీ అక్క లాండ్రీలో ఉంది. రెండుసార్లు చదివి, డబ్బాలో మిగిలింది సింకులో పోసి, చెక్కరంగు మరక పోయేదాకా తోమాను. తర్వాత కూర్చుండిపోయాను.

మార్చి ఆరున నీకు తెలిసింది. నాకు ఏప్రిల్ ఏడున తెలిసింది. ముప్పై రెండు రోజులు, రోజుకి మూడు గ్లాసులు. లెక్క నువ్వే వేసుకో, లెక్కపెట్టడమే కదా నీ ఉద్యోగం. ఫోన్ చేసి "బావా, ఆపేయ్" అని రెండు ముక్కలు అనలేకపోయావా? నేను ఎందుకని అడిగేవాణ్ణా? తొక్కలో ఉద్యోగం. నిన్ను నా సైకిలు మీద తిప్పాను రా.

కోపం రాత్రికి తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. అయినా పని మాట రాయాలి.

మీ అక్కకి ఈ సంగతి తెలియకూడదు. నీకోసం కాదు, నీమీద నాకు జాలి లేదు. ఆమె కోసం. రోజూ పొద్దున్నే లేచి కల్వంలో నూరింది ఆ చేతులే. వేలితో నా నోట్లో పెట్టింది ఆ చేతులే. అది మందు కాదు, నన్ను మాడ్చిన పదార్థమని తెలిస్తే ఆమె బతకదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నాకు చేసిన చాకిరీ అంతా ఆ ఒక్క గ్లాసులో మునిగిపోతుంది. అది నేను చూడలేను.

నిన్న సాయంత్రం నాటకం ఆడాను. "ఈ వగరు ఇక నావల్ల కాదు, మానేశానంటే మానేశాననుకో, లేదంటే మందే మానేస్తా" అని మొండికేశాను. మొహం చిన్నబుచ్చుకుంది గానీ ఒప్పుకుంది. ఇప్పుడు గింజల్ని పండుగుజ్జులో వేసి, ముక్కు మూసుకుని, కళ్ళనీళ్ళతో మింగుతున్నాను. ఇవాళ కక్కలేదు.

డాక్టరుకి చెప్పను. చెప్పడం కుదరదు. మీ అక్క నోటుపుస్తకం పట్టుకుని నా పక్క కుర్చీలోనే కూర్చుంటుంది, ఆయన దగ్గితే కూడా రాసుకుంటుంది. మందు సరిగ్గా పడితే అన్నీ అవే సర్దుకుంటాయి.

నువ్వు నోరు మెదిపితే మన ఇద్దరికీ చెల్లు.

బావ


అద్దె గది
ఏప్రిల్ 14

బావా,

తిట్లన్నీ నావే. ఉంచుకుంటాను.

కానీ డాక్టరు సంగతి ఇంకోసారి ఆలోచించు. మందు పనిచేయడం మొదలుపెట్టినా, ఖాళీ అయిన ఒళ్ళు నిండటానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా నీ రక్తం పలచగానే ఉంటుంది. కషాయం మాట చెప్పకపోతే పోనీ, చొక్కా చేయి పైకి మడిచి ఆ మచ్చలైనా చూపించు. ఒక్క సూదితో పోయేదే. అక్క ఉండగా కుదరకపోతే, ఆమె పనిలో ఉన్న పూట ఒక్కడివే వెళ్ళు. నేను వస్తాను, నిన్ను నేను తీసుకెళ్తాను.

అక్కకి చెప్పనన్న మాట నిలబెట్టుకుంటాను. నువ్వు అడిగావు కాబట్టి అంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే నాకూ ఆమె మొహం చూసి చెప్పే ధైర్యం లేదు.


ఇంటి నుంచి, కిటికీ పక్క బల్ల
ఏప్రిల్ 25

బావమరిదీ,

యాభై మూడు! రెండు కిలోలు. కాటా మీద నుంచి దిగి మళ్ళీ ఎక్కాను, నమ్మకం కుదరక. నీళ్ళ మీద నూనె లేదు. నిన్న తిన్న గుడ్డు నాదే అయింది. ఇంత చిన్న విషయానికి మగాడు ఏడుస్తాడా? ఏడ్చాను. మీ అక్క కూడా ఏడ్చింది, "చూశారా, తొమ్మిది గుళికలు వేశాక పట్టింది" అని. అవునన్నాను.

నువ్వు రావద్దు. నీ మొహం చూడగానే ఆమె పట్టేస్తుంది, చిన్నప్పటి నుంచీ నీకు దాచడం చేతకాదు. మే ఆరున డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్ళాలి. ఆ రోజు మచ్చలు చూపిస్తాను, నిచ్చెన తగిలిందంటాను. పదకొండు రోజులే కదా. ఇన్నాళ్ళు ఆగినవాణ్ణి.

కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు. ఎండ తగ్గాక కిందికి వెళ్ళి ఒక అక్షరం రాసి చూశాను. పెద్ద "క". వణకలేదు. ఆ స్టోరు ఆవిడ సంగతి ఏం చేశావు? నాకు రాయకపోయినా సరే, ఏదో ఒకటి చేయి.

నీ బావ


ఇంటి నుంచి
మే 19

తమ్ముడూ,

పదకొండు రోజుల కర్మకాండంతా అయ్యాక నువ్వు వెళ్ళిపోయావు. నా ఎదురుగా అన్ని రోజులు కూర్చున్నావు. నా చేతి వంట తిన్నావు. వెళ్ళేటప్పుడు "నువ్వు చేయాల్సిందంతా చేశావక్కా" అన్నావు.

మే రెండున జరిగింది నీకు ఫోన్‌లో ఏడుస్తూ చెప్పాను, సరిగ్గా చెప్పానో లేదో. వంటింటి బీరువా తలుపు తెరిచి ఉంది, ఆయన వంగి లేస్తూ తల తగిలించుకున్నారు. గట్టిగా కూడా కాదు. నవ్వారు. నేను తడిగుడ్డ పెట్టాను. మధ్యాహ్నానికి తలనొప్పన్నారు. అన్నం పెడుతుంటే మాట ముద్దగా వచ్చింది. ఆస్పత్రిలో తెల్లారేదాకా ఉన్నారు. తల లోపల రక్తం ఆగలేదన్నారు.

కాగితాలు తెచ్చుకోవడానికి నిన్న మళ్ళీ వెళ్ళాను. గుళికలు రాసిచ్చిన డాక్టరే పిలిచి కూర్చోబెట్టాడు. "ఆయన రక్తం నీళ్ళలా ఉందమ్మా, గుళికలు తొమ్మిది ఇచ్చినా ఎందుకిలా అయిందో నాకు అంతుపట్టలేదు. దేంట్లో కలిపి ఇచ్చేవారు?" అని అడిగాడు. నెల కిందటి దాకా బెరడు కషాయంలో నూరి కలిపేదాన్నని చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు.  తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ముందే తెలిసి ఉంటే ఒక్క సూది సరిపోయేదని కూడా చెప్పాడు. చెప్పినందుకు ఆయనకి దండం పెట్టి వచ్చాను.

దారిలో అనుకున్నాను, పాపం మా తమ్ముడికీ తెలియదు, మా ఆయనకీ తెలియదు, నేనే మూర్ఖంగా చేశాను, ఈ సంగతి తమ్ముడికి ఎలా చెప్పాలి, తెలిస్తే వాడు తట్టుకోలేడు అని. నిజంగా అదే అనుకున్నాను రా. నీకు చెప్పకుండా దాచాలనుకున్నాను.

ఇవాళ ఆయన బ్రష్షులు ఎవరికైనా ఇద్దామని సంచి తీశాను. అడుగున నీ ఉత్తరాలున్నాయి. "అక్క పక్కన లేకుండా చూసుకో" అని మొదలుపెట్టావు.

అన్నీ చదివాను. నీ బొట్లు, నీ గిన్నె, నీ స్టోరు ఆవిడ. ఆవిడ ఇంటికి వెళ్ళు. మీ ఆఫీసులో నిజం రాసిచ్చి ఆ కాగితం పట్టుకుని వెళ్ళు. అది చేశాక గానీ నా గుమ్మం తొక్కకు. ఆ బిళ్ళలు కొనుక్కునేవాళ్ళలో ఆయనలాంటి మనిషి ఎవరైనా ఉంటే ఏమవుతుందో, అది కూడా రాసివ్వు. ఎందుకో కూడా రాయి. పరగడుపున అని రాసి ఊరుకోకు.

నువ్వు ఉద్యోగం కోసం దాచావు. దాన్ని అర్థం చేసుకోగలను, నువ్వు చిన్నప్పటి నుంచీ పిరికివాడివే. ఆయన నాకోసం దాచారని నీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. నేను తట్టుకోలేనని. ఆపరేషన్‌కి ముందు నుంచీ, మూడేళ్ళుగా ఆ రోగాన్ని మోసింది నేను. ఆపరేషన్ గది బయట సంతకం పెట్టింది నేను. వాంతులెత్తింది నేను. నేను దేన్ని తట్టుకోలేదు? మీరిద్దరూ కలిసి, నా చేతులతో జరిగిన పనిని నాకు తప్ప అందరికీ చెప్పుకున్నారు.

మార్చిలో చెప్పి ఉంటే ఆ గంటలోనే పారబోసేదాన్ని. ఏప్రిల్‌లో చెప్పినా ఆయన్ని ఈడ్చుకెళ్ళి సూది వేయించేదాన్ని. తర్వాత ఏడ్చేదాన్ని. తల బాదుకునేదాన్ని, నిన్ను తిట్టేదాన్ని, ఆయన్ని పట్టుకుని వారం రోజులు ఏడ్చేదాన్ని. అంతే కదరా. ఆయన పక్కన కూర్చుని, ఊరుకోవే అనేవారు.

అక్క